నల్లగొండ ఓటు: పోరాటానిదా, పార్టీదా?

మూసీగట్టు: కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్న రోజుల్లో, 1952లో, పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నల్లగొండ లోక్‌సభకు నిలబడ్డ తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి గారికి 3,09,162 ఓట్లు వచ్చినయి. నెహ్రూకు కూడా అన్ని రాలేదు. అట్లాంటి సీటుల ఎర్రజెండా గెలుపు 2004లో సీపీఐ సురవరం సుధాకర్‌రెడ్డి గారితో ఆఖరైంది. పోరాటం ఓటును కులం, పైసలు మింగినయి.

పాతలెక్క: నెహ్రూతో పోలిక వద్దు. అప్పుడు నల్లగొండ ద్విసభ్య స్థానం, అంటే ఇద్దరు ఎంపీలు. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు.

మూసీగట్టు: నెహ్రూదీ ద్విసభ్య స్థానమే!

పాతలెక్క: అయితే మాత్రం? రెండుచోట్లా ఓటర్లు అంతేమందా, పోలింగ్ అంతేనా? అది చెప్పకుండా ఎక్కువ తక్కువలు ఎట్ల తేలుస్తరు?

చెరువుకట్ట: 1971లో తెలంగాణ ప్రజా సమితి, 1984లో టీడీపీ, 1989లో కాంగ్రెస్ గెలిచినయి. ఇది ఎన్నడూ ఒక్కరి సీటు కాదు.

మునుగోడు బిడ్డ: 1996 సంగతి ఒక్కరూ ఎత్తరేంది? ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఢిల్లీకి తెల్వాలని ఇక్కడ 480 మంది నిలబడ్డరు. ఎన్నిక వాయిదా వేసి బ్యాలెట్‌ను పుస్తకంలెక్క అచ్చేసిండ్రు.

మూసీగట్టు: గెలిచింది మళ్లీ సీపీఐ ధర్మభిక్షం గారే కదా. ఆ నామినేషన్లతో కాయితం దండగ తప్ప ఏమొచ్చింది?

మునుగోడు బిడ్డ: దండగా? ఆ 480 మందిల మా నాయిన ఒకడు. మేక నమ్మి 500 డిపాజిట్ కట్టిండు. ఆ ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగదు, వేళ్లు ముడుసుకపోయినయి. పోలింగ్ బూత్‌ల ఆ పుస్తకం పేజీలు తిప్పరాక తన గుర్తు తనకే దొరకలేదు. ఇంకోసారి దండగ అనకు.

మూసీగట్టు: తమ్ముడూ, మీ నాయిన కష్టం కాదనను. కానీ అప్పుడు మా మామ పార్టీ కార్యకర్త. మీ ఊళ్లల్ల ఆయనను అరుగు మీద కూసోనియ్యలేదు. నీళ్లియ్యంది ప్రభుత్వం, మాట పడ్డది మేము. నామినేషన్లన్నీ మా ఎంపీ మీదనే వేసినట్టైంది.

మునుగోడు బిడ్డ: ఇప్పుడు బయటపడ్డది నీ మనసుల మాట. అన్నా, గుర్తు దొరకని మా నాయిన చివరికి ఎక్కడ గుద్దిండో ఎరుకేనా? సీపీఐ గుర్తు కంకి కొడవలి మీద! డిపాజిట్ నీళ్ల కోసం, ఓటు పార్టీ కోసం అన్నడు. మీరు ఆ ఓటే లెక్కవెడ్తరు, ఆ 500 లెక్కవెట్టరు.

చెరువుకట్ట: ఆ ఏడే డిపాజిట్ 10,000 చేసిండ్రు. ఇంకో మేకకు తోవ లేకుండ.

మూసీగట్టు: ఆ సంగతి నాకు తెల్వదు తమ్ముడూ. దండగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్న. కానీ మా మామకు జరిగింది కూడా తప్పే.

మునుగోడు బిడ్డ: తప్పే. ఇప్పుడు మునుగోడు భువనగిరి లోక్‌సభ సీటు కిందికి పోయింది. నల్లగొండ ఓటు మారిందంటరు, అండ్ల మా ఊళ్లే లేవు.

పాతలెక్క: నేనడిగిన 1952 పోలింగ్ శాతం ఎవరూ చెప్పలేదు.