స్లాబుకి ప్రొజెక్టర్ బిగించి టేబుల్ మీద గేమ్ ఆడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కోటగుమ్మం (విజయనగరం)
అందరికీ నమస్కారం. మాది విజయనగరం కంటోన్మెంట్ వైపు, సొంతిల్లు. ప్రతి ఆదివారం ఐదుగురం కూర్చుని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (మ్యాపు, పాచికలతో కథ నడిపే ఆట) ఆడతాం. ఇప్పటిదాకా గళ్ల చార్టు మీద స్కెచ్ పెన్నుతో గీసుకుని, బొమ్మలకి బదులు కూల్‌డ్రింక్ సీసా మూతలు పెట్టుకుని లాగించేశాం. ఇప్పుడు పైన ప్రొజెక్టర్ బిగించి మ్యాపు నేరుగా టేబుల్ మీదే పడేలా చేద్దామని ఉంది.

స్లాబు ఎత్తు 10 అడుగులు. టేబుల్ ఎత్తు 30 అంగుళాలు, పైన 4 అడుగులకి 3 అడుగులు. పైనుంచి కిందికి వేసేది కాబట్టి షార్ట్ త్రో, అంటే దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే రకం, కొనమని షాపులో చెప్పారు. నిజమేనా? ఇంకో తలనొప్పి ఏమిటంటే హాలు మధ్యలో, సరిగ్గా టేబుల్ నెత్తిన ఫ్యాన్ ఉంది. తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. మే నెల వస్తే నేనూ ఒప్పుకోను.

రాజాం కుర్రోడు
అన్నా, షార్ట్ త్రో మాత్రం కొనకు. నేను కొని చేతులు కాల్చుకున్నాను. బొమ్మ టేబుల్ దాటి, కూర్చున్నవాళ్ల ఒళ్లో పడి, నేల మీదకి పోయి, పక్కనున్న దివాన్ కూడా ఎక్కేసింది. నా డ్రాగన్ తోక మా నాన్న పేపర్ మీద ఆడుతోంది. ఏటిరా ఇది అని ఆయన ఒక్కటే అరుపు.

రిటైర్డ్ ఫిజిక్స్ (శ్రీకాకుళం)
షాపువాళ్లు గోడ మీద సినిమా చూసే లెక్కలో చెప్పి ఉంటారు బాబూ. మన అవసరం దానికి తిరగేసిన లెక్క. త్రో రేషియో అంటే లెన్సు నుంచి తెర దాకా ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగించగా వచ్చేది. అంతకుమించి బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మీ స్లాబు 120 అంగుళాలు. మౌంటు, ప్రొజెక్టర్ పొడవు కలిపి లెన్సు స్లాబుకి 18 అంగుళాలు కిందికి వస్తుందనుకోండి. టేబుల్ ఎత్తు 30 తీసేస్తే మిగిలేది 72 అంగుళాలు. త్రో రేషియో 0.5 ఉన్న షార్ట్ త్రో పెడితే బొమ్మ వెడల్పు 144 అంగుళాలు, అంటే 12 అడుగులు. రాజాం తమ్ముడి దివాన్ మీదకి డ్రాగన్ ఎందుకు ఎక్కిందో అర్థమైందిగా. 1.2 అయితే 60 అంగుళాలు, మీ టేబుల్‌కి అదీ ఎక్కువే. 1.5 అయితే బొమ్మ వెడల్పు సరిగ్గా 48, బొమ్మ ఎత్తు 27. మీ 4 అడుగుల టేబుల్‌కి కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది. 3 అడుగుల వైపు అటూ ఇటూ కలిపి మిగిలిన 9 అంగుళాల్లో కాగితాలు, పాచికలు పెట్టుకోవచ్చు.

కాబట్టి మామూలు త్రో ఉన్నదే తీసుకోండి. జూమ్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది, కొలతలో రెండు మూడు అంగుళాలు తప్పినా సర్దుకోవచ్చు. కొనకముందే నిచ్చెన ఎక్కి టేపు పెట్టి కొలవండి. ఇంజనీరు ప్లానులో 10 అడుగులని రాసి ఉన్నా, టైల్స్ వేశాక అంత ఉండదు.

పలాస జీడిపప్పు
నాదో అనుభవం రాస్తాను. ఎవరో అమ్ముతుంటే పాత ల్యాంపు ప్రొజెక్టర్ చవగ్గా తీసుకుని, లెన్సు నేరుగా కిందికి పెట్టి బిగించాను. నలభై నిమిషాలకి టెంపరేచర్ లైటు ఎర్రగా వెలిగి ఆగిపోయేది. చల్లారాక మళ్లీ వేస్తే మళ్లీ అదే కథ. వారంలో ల్యాంపు పోయింది. తర్వాత తీరిగ్గా మాన్యువల్ తీసి చదివితే, ఇన్ని డిగ్రీలకి మించి వంచకూడదని అందులో స్పష్టంగా ఉంది. ల్యాంపు ఉన్నవాటిలో వేడిగాలి బయటికిపోయే దారి, ల్యాంపు కూర్చునే తీరు అన్నీ అడ్డంగా పెట్టడానికే తయారుచేస్తారు. ఎల్ఈడీ, లేజర్ రకాలకి ఈ బాధ తక్కువ. అయినా ఆ మోడల్ మాన్యువల్‌లో కిందికి తిప్పి పెట్టొచ్చని రాసి ఉంటేనే డబ్బు పెట్టండి. మాన్యువల్ నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. నాకు చదివే బుద్ధి లేకపోయింది, అంతే.

నాగావళి గట్టు
ల్యాంపుదే ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక దారి ఉంది. ప్రొజెక్టర్‌ని మామూలుగా అడ్డంగానే బిగించి, లెన్సు ముందు 45 డిగ్రీల వాలులో అద్దం పెడితే కాంతి కిందికి తిరుగుతుంది. నేను చేసింది అదే. మొదట ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర అద్దం కోయించి పెట్టాను. గళ్లన్నీ రెండేసి గీతలుగా కనపడ్డాయి. మామూలు అద్దానికి కళాయి వెనకవైపు ఉంటుంది కదా, ముందున్న గాజు కూడా కొంచెం కాంతిని తిప్పికొడుతుంది. అందుకే ఒక బొమ్మ మీద ఇంకో నీడ బొమ్మ. ముందువైపు పూత ఉన్న అద్దం ఆన్‌లైన్‌లో తెప్పించాక సరిపోయింది. వేలు తగిలితే దాని మీద మరక పోదు, గుడ్డతో రుద్దితే గీత పడుతుంది. చంటిపిల్లని ఎత్తుకున్నంత జాగ్రత్తగా పట్టుకోవాలి. అద్దం వల్ల బొమ్మలో కుడి ఎడమలు తారుమారవుతాయి, సెట్టింగ్స్‌లో రియర్ ప్రొజెక్షన్ పెడితే సరవుతుంది.

కోటగుమ్మం
మాస్టారికి దండాలు. షార్ట్ త్రో కాగితం చించేశాను. ఫ్యాన్ సంగతి ఎవరూ చెప్పడం లేదు?

బొబ్బిలోడు
ఫ్యాన్ గురించి నేను చెప్తాను, మా ఇంట్లో కొట్లాట అయిన విషయం అదే. మొదట లెన్సు ఫ్యాన్ రెక్కల కంటే పైన ఉండేలా బిగించాను. స్విచ్ వేస్తే టేబుల్ మీద సినిమా రీలు తెగినట్టు టపటపా నీడలు. పది నిమిషాలు చూస్తే కళ్లు తిరిగాయి. ఫ్యాన్ ఆపితే చెమట, వేస్తే నీడ.

తర్వాత బుర్రకి తట్టింది. కాంతి లెన్సు నుంచి కిందికే పోతుంది కదా. లెన్సు రెక్కల మట్టం కంటే నాలుగు వేళ్లు కింద ఉంటే రెక్క అడ్డు రావడం అనేదే ఉండదు. మౌంటుకి పొడుగు పైపు వేయించాను, పీడ విరగడైంది. మామూలు 48 అంగుళాల ఫ్యాన్‌కి మధ్య నుంచి రెక్క కొస దాకా 24 అంగుళాలు. ప్రొజెక్టర్ ఒళ్లు, గాలికి ఊగే జాగా కలిపి ఫ్యాన్ కొక్కేనికి 3 అడుగుల దూరంలో పెట్టు.

రిటైర్డ్ ఫిజిక్స్ (శ్రీకాకుళం)
బొబ్బిలోడు గారు చెప్పింది బాగుంది. దానికి ఇంకొకటి కలపండి. చాలా ప్రొజెక్టర్లలో బొమ్మ లెన్సుకి సూటిగా ఎదురుగా పడదు. బల్ల మీద పెడితే బొమ్మ లెన్సు మట్టం నుంచి పైకి పోవడం మీరు చూసే ఉంటారు. అదే ప్రొజెక్టర్‌ని కిందికి తిప్పి వేలాడదీస్తే, దాని పైమూత ఏ వైపుందో బొమ్మ ఆ వైపుకి జరుగుతుంది. 27 అంగుళాల బొమ్మకి అందులో సగం, అంటే 13, 14 అంగుళాలు జరగడం మామూలు, కొన్నిటికి ఇంకాస్త ఎక్కువ.

ఇది లోపం కాదు, మీకు కలిసొచ్చేదే. పైమూత ఫ్యాన్ వైపు ఉండేలా బిగిస్తే బొమ్మ ఫ్యాన్ వైపుకి వస్తుంది. ఫ్యాన్ నుంచి 36 అంగుళాల దూరంలో ప్రొజెక్టర్, అందులో 14 వెనక్కి, అంటే టేబుల్ మధ్యభాగం ఫ్యాన్ కింద నుంచి 22 అంగుళాలు జరిపితే చాలు. స్లాబుకి రంధ్రం పెట్టక ముందు ప్రొజెక్టర్‌ని గోడకేసి ఒకసారి వెలిగించి, లెన్సు మధ్య నుంచి బొమ్మ మధ్యకి ఎంతుందో కొలుచుకోండి. కీస్టోన్‌తో (వంకరగా పడిన బొమ్మని చతురస్రంగా సర్దే సెట్టింగ్) సరిచేయొచ్చులే అనుకోవద్దు. అది గళ్లని కోసి అతికినట్టు చేస్తుంది, అక్షరాలు మసకబారతాయి. లెన్సు కచ్చితంగా నిట్టనిలువుగా కిందికి చూడాలి. తాపీ మేస్త్రి దగ్గర దారం కట్టిన గుండు అడిగి తెచ్చుకోండి, ఆ పనికి అంతకంటే మంచి సాధనం లేదు.

కళింగపట్నం లైట్‌హౌస్
బిగించడం గురించి నాలుగు ముక్కలు. ఫాల్స్ సీలింగ్ ఉన్నవాళ్లు దానికే స్క్రూలు కొట్టేయకండి. ఆ జిప్సం బోర్డు ప్రొజెక్టర్ బరువు మోయదు. దాన్ని కోసి పైపుని స్లాబు దాకా తీసుకెళ్లి యాంకర్ ఫాసెనర్లతో పట్టించాలి. స్లాబులో కరెంటు పైపు ఎటు పోయిందో ఎలక్ట్రీషియన్ని అడక్కుండా డ్రిల్లింగ్ మిషన్ పెట్టొద్దు. ఇక మా ఊరు సముద్రం పక్కనే కదా, ఉప్పుగాలికి మామూలు బోల్టు ఒక వానాకాలం దాటేసరికి తుప్పు పట్టి ఎర్రటి చారలు కారింది. స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాక ఇప్పటికీ తళతళలాడుతున్నాయి. సన్నటి స్టీలు తీగ ఒకటి అదనంగా ఫ్యాన్ కొక్కేనికి కట్టి ఉంచాను. కింద పిల్లలు కూర్చునే చోటు, ధైర్యం చాలదు.

అద్దె కొంప
రంధ్రం పెడితే అడ్వాన్సు వెనక్కి ఇవ్వనన్నారు మా ఓనరు. మా ఇంట్లో అటక అంచు హాల్లోకి వస్తుంది. బరువైన ప్లైవుడ్ చెక్కని అటక మీద పెట్టి, ఇవతల కొసకి ప్రొజెక్టర్, అవతల కొస మీద రెండు బియ్యం బస్తాలు. ఆరు నెలలైంది. నెలాఖరుకి బస్తా తగ్గుతుంటే మాత్రం టెన్షన్.

బొబ్బిలోడు
అయ్యా, నవ్వు సంగతి అలా ఉంచి, ఆ చెక్కకి తాడు కట్టండి ముందు.

పెదచెరువు గట్టు
నా మాట ఎవరికీ నచ్చదేమో కానీ, ఇంత అవస్థ దేనికి? 43 అంగుళాల టీవీని టేబుల్‌లో వెల్లకిలా పడుకోబెట్టి పైన అక్రిలిక్ షీటు వేస్తే పని అయిపోదా? పగలు కిటికీలు తీసి ఆడుకోవచ్చు. నీడ లేదు, ఫ్యాన్ గొడవ లేదు.

రాజాం కుర్రోడు
43 అంగుళాలు అంటే మూలకి మూల. వెడల్పు చూస్తే ముప్పై ఏడున్నర, ఎత్తు 21. పైగా మావాడు పాచికలు వేస్తాడా, కొబ్బరికాయ కొడతాడా తెలియదు. టీవీ గురించి ఆలోచించాలంటేనే భయం. కానీ ఒకటి ఒప్పుకోవాలి, పగటిపూట మాత్రం టీవీదే పైచేయి. డబ్బా మీద వేలకొద్దీ ల్యూమెన్స్ అని రాసిన చవక ప్రొజెక్టర్లు మధ్యాహ్నం పన్నెండుకి వెలవెలబోతాయి. ఏఎన్ఎస్ఐ ల్యూమెన్స్, అంటే ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు, ఎన్నో అడిగితే అమ్మేవాడు మాట మార్చేస్తాడు.

నాగావళి గట్టు
టేబుల్ పైభాగం కూడా చూసుకోండి. మెరిసే సన్‌మైకా అయితే పైన ప్రొజెక్టర్ వెలుతురు చుక్కలా కంట్లో కొడుతుంది. నునుపు లేని తెల్ల షీటు కానీ, మామూలు తెల్ల దుప్పటి గట్టిగా లాగి కట్టి కానీ వాడండి. నేనైతే పొందూరు ఖద్దరు పంచె ఒకటి పరిచాను. మా ఆవిడ చూసి ఏమందో ఇక్కడ రాయను.

పలాస జీడిపప్పు
సాఫ్ట్‌వేర్ విషయం కూడా అడుగుతారని రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో విండోస్ బటన్, పి నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టాలి. డూప్లికేట్ పెడితే ఆట నడిపేవాడిగా నువ్వు దాచుకున్న రహస్యాలన్నీ టేబుల్ మీదే. మ్యాపులు చూపించే సాఫ్ట్‌వేర్లలో ఔల్‌బేర్ రోడియో, రోల్20 బ్రౌజర్లోనే నడుస్తాయి, డబ్బు కట్టకుండా మొదలుపెట్టొచ్చు. ఫౌండ్రీకి ఒకసారి డబ్బు కట్టాలి. ఆటగాళ్లు చూసే కిటికీని ప్రొజెక్టర్ వైపుకి లాగి ఫుల్ స్క్రీన్ చెయ్యి.

ఒక గడి ఒక అంగుళం రావాలంటే లెక్క ఇది: ఫుల్ హెచ్‌డీ బొమ్మ వెడల్పు 1920 పిక్సెల్స్, అవి 48 అంగుళాల్లో పడితే అంగుళానికి 40. ఫౌండ్రీలో గడి మామూలుగా 100 పిక్సెల్స్, కాబట్టి జూమ్ 0.4 పెట్టు. స్కూలు స్కేలు పెట్టి పది గళ్లు కొలిచి చూసుకో. ఒక్క గడి కొలిస్తే తేడా తెలియదు.

ఇంకోటి, మా వైపు కరెంటు సంగతి తెలిసిందే. 2018లో తిత్లీ వచ్చాక రోజుల తరబడి లాంతరు వెలుగులో పేకాట ఆడాం. అంత కాకపోయినా రోజూ రెండు సార్లు పోతుంది. ఇన్వర్టర్ మీదకి వేసుకుని, దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో ప్రొజెక్టర్ ఆగి, మళ్లీ మొదటి నుంచి లేస్తుంది.

బొబ్బిలోడు
మేం ఆడేది డ్రాగన్ల ఆట కాదు. 1757 బొబ్బిలి యుద్ధం మీద మేమే రాసుకున్న ఆట. కోట, చుట్టూ బుస్సీ ఫిరంగులు, అవతల విజయరామరాజు గుడారం. తాండ్ర పాపారాయుడు ఆ గుడారం దాకా వెళ్లే దారి ఫాగ్ ఆఫ్ వార్ కింద చీకటిగా ఉంటుంది, ఒక్కో అడుగుకి కొంచెం కొంచెం తెరుచుకుంటుంది. కాగితం మీద ఇది సాధ్యం కాదు. మొన్న విజయనగరం నుంచి ఒక దోస్తు వచ్చి రాజు పక్షం ఆడతానన్నాడు. గుడారం చుట్టూ నలభై మంది కాపలా పెట్టాడు. చరిత్ర చదివి వచ్చాడు, అది అన్యాయం.

కోటగుమ్మం
నలభై సరిపోవు బాబూ, ఈసారి ఎనభై పెట్టమని చెప్తాను.

కోటగుమ్మం
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. బిగించేశాం. ఎల్ఈడీ రకం, త్రో 1.5, మాన్యువల్‌లో కిందికి తిప్పొచ్చని ఉన్నదే చూసి కొన్నాను. ఫ్యాన్‌కి 3 అడుగుల దూరం. లెన్సు స్లాబుకి 18 రావాల్సింది 19 అంగుళాలకి వచ్చింది, మేస్త్రి పైపు కాస్త పొడుగ్గా కోశాడు. బొమ్మ వెడల్పు 47కి తగ్గింది. గళ్ల కోసం సాఫ్ట్‌వేర్‌లో జూమ్ కాస్త పెంచాల్సి వచ్చింది, అంతే. ఫ్యాన్ తిరుగుతోంది, నీడ లేదు. కాకపోతే గాలికి కార్డులు ఎగిరిపోతున్నాయి. వాటి మీద పాత రూపాయి బిళ్లలు పెట్టుకుంటున్నాం.

ఎవరూ చెప్పనిది ఒకటి జరిగింది. మొదటి ఆట రోజు సాయంత్రం వాన పడింది. ఉసిళ్లు లేచాయి. లైట్లన్నీ ఆర్పేశాం కదా, ఇంట్లో వెలుగున్నది ప్రొజెక్టర్ ఒక్కటే. అన్నీ లెన్సు మీదకే. ఒక్కో రెక్క నీడ టేబుల్ మీద జానెడు. వాటి కోసం బల్లి వచ్చి మౌంటు మీద కూర్చుంది. దాని తల నీడ మా గుహ మ్యాపు మీద పడగానే మావాడు కత్తి దూసి దాని మీద దాడి చేస్తానని ఇరవై ముఖాల పాచిక వేశాడు. పద్దెనిమిది పడింది. ఏం చెప్పాలో తెలియక తగిలిందన్నాను.

ఇప్పుడు గాలి రంధ్రాల్లోకి బల్లి దూరకుండా ఏం పెట్టాలో చెప్పండి. సన్నటి దోమతెర కడితే గాలి ఆగి వేడెక్కుతుందా?

రిటైర్డ్ ఫిజిక్స్ (శ్రీకాకుళం)
గాలి రంధ్రాలకి ఏమీ కట్టకండి, వేడెక్కుతుంది. కిటికీలకి కట్టండి దోమతెర. వాన పడే సాయంత్రం వరండాలో ఒక బల్బు వేసి ఉంచండి, ఉసిళ్లు అటు పోతాయి. వాటి వెనకే బల్లి కూడా.

కోటగుమ్మం
సరే మాస్టారూ, వరండాలో హోల్డర్ ఉంది, రేపు బల్బు తెస్తాను. ఈలోగా మా నాయనమ్మ వైకుంఠపాళి వెయ్యమని పట్టుబట్టింది. పెద్ద పాము సరిగ్గా ఆవిడ కుర్చీ వైపుకే పడింది, బొమ్మని తిప్పమంటోంది.