మల్లెలు మూరకేనా, సెంటుకు కూడానా?

పూలబుట్ట:
మాది చంద్రగిరి పక్కన పల్లె. అరెకరంలో గుండుమల్లె ఉంది. పోయిన మే నెలలో ఒకరోజు 18 కిలోల మొగ్గలు తిరుపతి మండీకి తీసుకుపోతే కిలో 60కి అడిగారు. కోతకూలి, ఆటో బాడుగ పోను మిగిలింది టీ ఖర్చు. ఇవే పూలు చలికాలం ముహూర్తాల్లో వెయ్యి దాటి పలుకుతాయి, కానీ అప్పుడు చెట్టుకు గుప్పెడు మొగ్గలు కూడా ఉండవు. తమిళనాడులో సత్యమంగలం, దిండిగల్ వైపు సెంటు ఫ్యాక్టరీలు మిగులు పూలు కొంటాయట. మన దగ్గరా ఒకటి పెట్టమని అందరం కలిసి అర్జీ ఇద్దామని మా మరిది. మా మామ మాత్రం ససేమిరా అంటున్నాడు. "పువ్వంటే సామికి పోవాల, లేదా కొప్పులోకి పోవాల. నూనె తీసేదానికి అదేమన్నా చెనక్కాయా?" అని. మీరేమంటారు?

బెంజీన్ మాస్టారు:
చెనక్కాయ కాదు కాబట్టే కష్టమమ్మా. గానుగలో వేస్తే ఏమీ రాదు. ఆవిరి పడితే మల్లె ఉడికిపోయి వాసన మారిపోతుంది. అందుకని పూలను హెక్సేన్ అనే ద్రావకంలో నానబెడతారు. తర్వాత ఆ హెక్సేన్‌ను ఎగరగొడితే మైనం లాంటి ముద్ద మిగులుతుంది. దాని పేరు కాంక్రీట్. (శ్లాబు వేసేది కాదు!) ఆ ముద్దను ఆల్కహాల్‌తో కడిగి, చల్లబరిచి, గడ్డకట్టిన మైనాన్ని వడగట్టి, ఆల్కహాల్‌ను కూడా తీసేస్తే చివరికి మిగిలేది అబ్సల్యూట్. సెంటు కంపెనీలు కొనేది దాన్ని.

లెక్క వినండి. టన్ను గుండుమల్లెకు రెండు కిలోల లోపు కాంక్రీట్, అందులోంచి అటూఇటుగా కిలో అబ్సల్యూట్. జాజి కొంచెం నయం, ఆరేడు వందల కిలోల పూలకు కిలో వస్తుంది. కానీ కిలో జాజులంటే ఎనిమిది నుంచి పదివేల పూలు, ఒక్కొక్కటీ చేత్తో కోయాలి. మీరు రోజూ 18 కిలోలు కోసినా కిలో సారానికి దాదాపు రెండు నెలలు పడుతుంది.

కొర్లగుంట కుర్రోడు:
అసలు కొనేదెవరు సార్? నేను సబ్బులు, అగరబత్తుల ఏజెన్సీలో పనిచేస్తా. పెట్టె మీద మల్లెమొగ్గ బొమ్మ ఉంటుంది, లోపల పువ్వు ఉండదు. చవకగా మల్లె వాసన కావాలంటే బెంజైల్ అసిటేట్ అనే రసాయనం ఉంది, అది డ్రమ్ముల్లో వస్తుంది. ఖరీదైన సెంట్లకేమో హెడియోన్ ఉంది, మల్లెలో ఉండే పదార్థానికి దగ్గరి చుట్టం లాంటిది, ల్యాబ్‌లో చేసింది. 1966లో డియోర్ కంపెనీ వాళ్ళ 'ఓ సొవాజ్' సెంటులో వాడాక దానికి తిరుగు లేకుండా పోయింది. ఇక్కడ కిలో పూలు వందకు కొన్నా, కిలో అబ్సల్యూట్‌కు పూల ఖర్చే లక్ష. డ్రమ్ముతో పోటీ పడేదెట్లా?

అత్తరుసీసా:
తమ్ముడూ, డ్రమ్ముతో పోటీ ఎవరు పడమన్నారు? బెంజైల్ అసిటేట్ ఒక్కటే వాసన చూడు, చిన్నప్పటి అరటిపండు బిళ్ళ గుర్తొస్తుంది. మల్లెలో అలాంటివి ఎన్నో కలిసి ఉంటాయి. వాటిలో ఇండోల్ ఒకటి. అదొక్కటే చిక్కగా ఉంటే నాఫ్తలీన్ ఉండల కంపు, ఇంకా నిజం చెప్పాలంటే మలంలో కూడా ఉండేదే. కానీ అది పిసరంత లేకపోతే మల్లె సబ్బులా ఉంటుంది గానీ మల్లెలా ఉండదు. 1921లో వచ్చిన షనెల్ నంబర్ 5 సెంటులో ఫ్రాన్స్‌లోని గ్రాస్ ఊరి జాజి పడింది. ఆ పూల కోసం షనెల్ వాళ్ళకు ఇప్పటికీ అక్కడ ప్రత్యేకంగా తోటల ఏర్పాటు ఉంది. కాకపోతే ప్రపంచానికి కావలసిన సరుకులో ఎక్కువ భాగం ఇప్పుడు ఈజిప్టు నుంచీ మన దేశం నుంచీ పోతోంది. మన దేశమంటే ముఖ్యంగా తమిళనాడు. నగరి దాటితే అదే కదా. అక్కడ నడిచేది ఇక్కడ ఎందుకు నడవదు?

కొర్లగుంట కుర్రోడు:
ఈజిప్టు మాట మీరే తెచ్చారు. 2024లో బీబీసీ వాళ్ళు చూపించారు, అక్కడ జాజితోటల్లో రాత్రిపూట చిన్నపిల్లలు పూలు కోస్తున్నారు. సీసా వేలకు వేలు, కోసినవాళ్ళకు చిల్లర. ఫ్యాక్టరీ వస్తే మన కోత ఆడవాళ్ళకు ఏం పెరుగుతుంది? నేనడిగేది అదే.

పూలబుట్ట:
అది న్యాయమైన ప్రశ్నే. నాకు ఇంకొకటి తట్టింది, చెప్తాను. ఆ రోజు 60కి అమ్మబుద్ధి కాక సగం వెనక్కి తెచ్చేశాను. తడిగుడ్డ పరిచి వరండాలో పోసిపెట్టాను. సాయంత్రం ఏడు దాకా ఉలుకూ పలుకూ లేదు, ముట్టుకుంటే బియ్యపుగింజల్లా గట్టిగా ఉన్నాయి. ఎనిమిదయ్యేసరికి ఒకటొకటే విచ్చుకోవడం మొదలైంది. తొమ్మిదింటికి ఇంట్లో కూర్చోలేకపోయాం. మా పాప తలనొప్పని మేడ మీదకు పోయి పడుకుంది. అర్జీ వద్దన్న మా మామే ఆ గుడ్డ పక్కన మంచం వేసుకున్నాడు! తెల్లారి చూస్తే అన్నీ పిప్పి. విచ్చిన పువ్వును మండీలో ఎవరూ ముట్టరు. మూరకు మొగ్గే కావాలి కదా. మరి సెంటుకు ఏది కావాలి?

బెంజీన్ మాస్టారు:
సెంటుకు కావలసింది సరిగ్గా మీ వరండాలో తొమ్మిది గంటల పువ్వు. మొగ్గలో వాసన దాదాపు ఉండదు. రాత్రి తిరిగే చిమ్మటల కోసం విచ్చుకునేటప్పుడు తయారవుతుంది. తెంపిన తర్వాత కూడా పువ్వు ఆ పని ఆపదు. గ్రాస్‌లో పాతకాలంలో గాజుపలకల మీద పశువుల కొవ్వు పూసి, దాని మీద పూలు పరిచి ఒక రోజంతా ఉంచేవాళ్ళు. మర్నాడు పాతవి ఏరేసి కొత్తవి పరిచేవాళ్ళు. కొవ్వుకు వాసన పట్టేదాకా ఇదే తంతు. కాబట్టి మూర వ్యాపారానికీ సెంటు వ్యాపారానికీ తగాదా లేదు. పొద్దున అమ్ముడుపోనిదే రాత్రికి వాళ్ళకు సరుకు.

అలిపిరి మెట్లు:
మరి కొండ మీద అన్ని పూలు వాడతారు కదా, వాటితో చేయొచ్చుగా? టీటీడీ 2021 నుంచి వాడిన పూలతో అగరబత్తులు చేయిస్తోంది, ఏడు రకాలు.

అత్తరుసీసా:
అగరబత్తి వేరు స్వామీ. వాడిన పువ్వును ఎండబెట్టి పొడి చేస్తే బత్తికి ఒళ్ళు వస్తుంది, మల్లె వాసన రాదు. అది ముందురోజు రాత్రే ఎగిరిపోయి ఉంటుంది. చిన్న పెట్టుబడితో అయితే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ ఊరి అత్తరు పద్ధతి ఉంది. రాగిబానలో పూలూ నీళ్ళూ మరిగించి, ఆ ఆవిరిని చందనతైలంలోకి దింపుతారు. వాసన కొంత మారుతుంది గానీ, మల్లె అత్తరు అట్లా వచ్చేదే.

అలిపిరి మెట్లు:
చందనమా! శేషాచలం నిండా ఉంది కదన్నా.

బెంజీన్ మాస్టారు:
అది ఎర్రచందనం నాయనా. దానికి వాసన లేదు. జైలు మాత్రం ఉంది.

కొర్లగుంట కుర్రోడు:
😂 సరే, ఒక మెట్టు దిగుతా. ఏడాదికి మూడు నెలలు పూసే మల్లెను నమ్ముకుని ఫ్యాక్టరీ నడవదు. దానికి సంపెంగో, జాజో, ఇంకో పువ్వో తోడుండాలి. దానికంటే ముందు తమిళనాడు ఫ్యాక్టరీ బండి మే నెలలో సాయంత్రం పూట చంద్రగిరి దాకా వస్తుందేమో అడగండి. అదీ ముందే రాసుకున్న కనీస ధరకు. ధర రాసుకోకపోతే మండీవాళ్ళు 60 అన్నరోజు వీళ్ళు 40 అంటారు.

పూలబుట్ట:
అర్జీ పక్కన పెట్టి బండి మాటే అడగమని మా మరిదికి చెప్పాను. కిలోకు 100 కంటే తగ్గకూడదు, తూకం మా గట్టు మీదే వేయాలి. కోతకు వచ్చేవాళ్ళకు కూడా ఆ రోజు కిలోకు ఇంత అని ముందే చెప్పాలన్నాను. దానికి మరిది నసుగుతున్నాడు, చూడాలి. మామ సంగతి అడగకండి. పొద్దున కోసిన మొదటి పిడికెడు మంగాపురం గుడికి పంపించి, "మిగిలింది మీ ఇష్టం" అన్నాడు.