మేనరికం, హెచ్‌బీఏ2 3.4: పిల్లల కోసం చూసే ముందు ఇంకేం చేయించాలి?

ప్రశ్న:
మా ఆయన నా మేనత్త కొడుకు. ఆడపడుచు బాబుకి తలసీమియా మేజర్ (హిమోగ్లోబిన్ సరిగా తయారవని జన్యు జబ్బు, తీవ్రమైన రకం), మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నారు. నా రిపోర్టు: హిమోగ్లోబిన్ 11.2, ఎర్ర కణాలు 5.6 మిలియన్లు, ఎంసీవీ (ఎర్ర కణం సైజు) 64, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 8, హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) 3.4 శాతం. "నార్మలే, ఐరన్ వేసుకుంటే చాలు" అన్నారు. నిజమేనా?

జవాబు (ల్యాబ్):
అప్పుడే నార్మల్ అనుకోకండి. క్యారియర్లకి (జబ్బు లేకుండా తలసీమియా జన్యువుని మోసేవాళ్లకి) ఏ2 సాధారణంగా 3.5 దాటుతుంది, కానీ ఐరన్ తక్కువుంటే ఆ అంకె కిందికి దిగుతుంది. మీది సరిగ్గా అంచున ఉంది. ఎర్ర కణాల లెక్క కూడా చూడండి: ఒట్టి ఐరన్ లోపమైతే కణం చిన్నదవుతుంది, సంఖ్యా తగ్గుతుంది. మీకు కణం చిన్నదే గానీ సంఖ్య ఎక్కువ. 64ని 5.6తో భాగిస్తే 11.4, 13 లోపు వస్తే ట్రెయిట్‌ని (అంటే క్యారియర్ కావడాన్ని) అనుమానించాలి. అనుమానమే, నిర్ధారణ కాదు. మూడు నెలలు ఐరన్ వాడి, ఫెరిటిన్ పెరిగాక హెచ్‌పీఎల్‌సీ (ఏ2 లాంటి హిమోగ్లోబిన్ రకాలను కొలిచే పరీక్ష) మళ్లీ చేయించండి.

జవాబు (జెనెటిక్ కౌన్సెలర్):
ఆ మూడు నెలలు ఊరికే ఆగకండి. మీ ఆయనకి ఈ వారమే సీబీపీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ చేయించండి. బాబుకి మేజర్ ఉందంటే మీ ఆడపడుచు క్యారియరే; తోబుట్టువు క్యారియర్ కాబట్టి ఆయనకి కనీసం సగం అవకాశం ఉంది. సికిల్, హెచ్‌బీఈ (హిమోగ్లోబిన్‌లో వేరే జన్యు లోపాలు) కూడా హెచ్‌పీఎల్‌సీలోనే తెలుస్తాయి. బీటా తలసీమియాతో (బాబుకున్న రకం) కలిస్తే అవీ ప్రమాదమే.

ఇద్దరూ క్యారియర్లని తేలితే ప్రతి కాన్పుకీ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డ బాగుంటే రెండో బిడ్డకి గండం తప్పినట్టు కాదండి. గర్భం రాకముందే ఇద్దరి డీఎన్‌ఏ మార్పులూ గుర్తించి పెట్టుకోవాలి. బాబు జన్యు రిపోర్టు ఉంటే జిరాక్స్ తీసుకెళ్లండి, ఏ మార్పు కోసం వెతకాలో ల్యాబ్‌కి తెలుస్తుంది. ఇది ముందే తేలితే 11-13 వారాల్లో మాయ నుంచి ముక్క తీసి (సీవీఎస్) బిడ్డ సంగతి చూడొచ్చు. ఐదో నెలలో మొదలుపెట్టినవాళ్లకే ఊపిరాడదు.

జవాబు (గైనిక్):
పైవన్నీ సరే, తలసీమియా లేదని తేలినంత మాత్రాన మేనరికం లెక్క తీరదు. మేనత్త-మేనమామ పిల్లలకి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి. పుట్టు చెవుడు, బుద్ధిమాంద్యం, పసికందుగా పోయిన పిల్లలు: మూడు తరాలు కాగితం మీద రాసుకెళ్లండి. ఇంట్లోవాళ్లు దాచేది ఎక్కువగా ఆ మూడోదే, అడిగి రాయండి. ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు కనీసం నెల ముందు నుంచి. షాపులో చేతికిచ్చే 5 మిల్లీగ్రాముల మాత్ర డాక్టర్ రాస్తేనే.