అపార్ట్‌మెంట్ వెనక అరటి పొద: కొట్టించాలా, ఉంచాలా?

సీతమ్మధార సెక్రటరీ | శనివారం, ఉదయం 7:40
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ వెనక ప్రహరీకి ఆనుకుని ఒక అరటి పొద ఉంది. నాటినప్పుడు రెండు మూడు పిలకలే, ఇప్పుడు గోడ కనిపించనంతగా పెరిగింది. ఆకుల సందుల్లో నీళ్ళు నిలిచి దోమలు పుడుతున్నాయి. వేళ్ళు పునాదిలోకి పోయి గోడ పగిలింది. తుఫాను వస్తే బోదెలు కార్ల మీద పడతాయి. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో తీర్మానం చేసి కొట్టించేద్దామంటే కొందరు అడ్డుపడుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇందులో తప్పేముంది?

గాజువాక గాలి | 7:52
గెల వేసి ఉందా? ఉంటే దిగేదాకా ఆగండి సార్.

పెందుర్తి పెరడు | 8:30
సెక్రటరీ గారూ, దోమల సంగతి తర్వాత. ముందు ఆ గోడ పగులును అరటి మీద రుద్దకండి. అరటికి తల్లివేరు ఉండదు. దుంప చుట్టూ పీచువేళ్ళు వచ్చి, చాలావరకు పై అడుగు రెండడుగుల మట్టిలోనే పక్కలకు పాకుతాయి. గోడ సందులో రావి మొలిస్తే పునాది చీలుతుంది, నిజమే. అరటి వేరుకు ఆ బలం ఎక్కడిది? దుంప గోడకు మరీ దగ్గరగా ఊరితే పల్చటి గచ్చు కాస్త పైకి లేస్తుందేమో, అంతే. పగులు నిలువుగా ఉందా, మెట్లు మెట్లుగా ఉందా? మెట్లుగా ఉంటే నేల కుంగిందేమో చూపించుకోవాలి. ఇంకో మాట. మన పెరళ్ళలో అరటిని దొడ్లో వాడిన నీళ్ళు పారే చోటే వేస్తారు, ఎందుకంటే దానికి తడి కావాలి. ఎవరూ నీళ్ళు పోయకుండానే మే నెలలో కూడా మీ పొద నిగనిగలాడుతోందంటే, ముందు మీ డ్రైనేజీ పైపు కారుతోందేమో చూసుకోండి. ఫొటో పెట్టండి, చెప్తాను.

డాబాగార్డెన్స్ వాసి | 8:47
మా పక్కింటి అరటి మా పిట్టగోడ మీదకు వాలి ఉంటుంది. ఆకు చిరిగినా, కాడ విరిగినా పసరు కారుతుంది. నా పట్టుపంచె మీద పడిన మరక నల్లబడింది తప్ప ఏ సబ్బుకూ పోలేదు. చెప్తే పక్కింటాయన నవ్వాడు. కొట్టించేయండి సార్.

సీతమ్మధార సెక్రటరీ | 9:05
పెందుర్తి గారూ, మెట్లుగా ఉన్నా నిలువుగా ఉన్నా పగులు పగులే. పొద పెరిగాకే వచ్చింది.

పెందుర్తి పెరడు | 9:11
పొద పెరిగాక మీ లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగిందో! దానికీ అరటే కారణమా?

అరుణ, ఎంవీపీ కాలనీ | 9:40
పిల్లలకు బయాలజీ చెప్తాను కాబట్టి దోమల గురించి రెండు ముక్కలు. డెంగీని మోసేవి ముఖ్యంగా రెండు రకాలు. ఏడిస్ ఈజిప్టై మన ఇళ్ళను పట్టుకుని ఉంటుంది: మూతలేని డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింద పళ్ళాలు, పాత టైర్లు. ఏడిస్ ఆల్బోపిక్టస్ వీటితోపాటు చెట్టు తొర్రల్లో, ఆకుల మొదళ్ళలో నిలిచిన నీటిలో కూడా గుడ్లు పెడుతుంది. అరటి కాడ బోదెను పట్టుకున్న చోట దొన్నెలో ఆగినట్టు వాననీరు ఆగుతుంది. కాబట్టి సెక్రటరీ గారి భయం ఉత్తది కాదు. కానీ గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ లోపల ఒకసారి ఎండాకులు కోసి, నీళ్ళు నిలిచిన మొదళ్ళు చూసుకుంటే చాలు. గెల కోశాక బోదెను సగం ఎత్తున వదిలేయకూడదు. నడిమి భాగం కుళ్ళి గుంటపడి అక్కడే నీళ్ళు చేరతాయి. నేలమట్టంగా నరికేయాలి. ఇంతకీ మేడ మీద ట్యాంకులన్నింటికీ మూతలున్నాయా?

పాత పోస్టాఫీస్ | 9:58
బజార్లో అంతా కార్బైడ్ పండే. పెరట్లో మాగిన పండు దొరుకుతుంటే కొట్టించేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా.

అరుణ, ఎంవీపీ కాలనీ | 10:06
అంతా కార్బైడ్ కాదండీ. పండ్లు మాగబెట్టడానికి కార్బైడ్ వాడటం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వంద) వరకు అనుమతిస్తారు. చాలాచోట్ల గదుల్లో పెట్టి మాగబెట్టేది దానితోనే. అయినా ఇది ఆ చర్చ కాదు.

మూడో అంతస్తు | 10:31
నేనూ అదే బిల్డింగ్. అద్దెకుంటున్నాను కాబట్టి మీటింగ్‌లో నోరెత్తే వీల్లేదు, ఇక్కడ చెప్తాను. ఒక ట్యాంకు మూత వేసవి గాలులకు ఎగిరిపోయి ఇప్పటికీ మెట్ల దగ్గరే పడి ఉంది. దోమల మీద అంత పట్టింపు ఉంటే అది ముందు పెట్టించండి. ఇక పొద. అది దానంతట అది మొలవలేదు, వాచ్‌మన్ గారి భార్య వేసింది. కర్పూర అరటి కొన్ని, కూరకు బొంత అరటి ఒకటి. ఎండాకులు కోసేదీ, గెలకు వెదురు ఊతం పెట్టేదీ ఆమే. మా ఇంట్లో పువ్వు తీసుకుంటే ఆ పూట పెసరపప్పు వేసి కూర. గెల కోసిన రోజు బోదె లోపలి దూట కూడా ఇస్తుంది, ఆవ పెట్టి వండితే మా అత్తగారు ఇంకే కూరా ముట్టరు. పోలి పాడ్యమికి దీపాలు వదలడానికి దొప్పలు కావాలంటే బిల్డింగ్ అంతా ఆమె గుమ్మం ముందే నిలబడుతుంది. అప్పుడు ఎవరికీ దోమలు గుర్తుకు రావు.

సీతమ్మధార సెక్రటరీ | 10:44
ఎవరో నాకు తెలుసు. అద్దెకున్నవాళ్ళకు గోడ రిపేరు ఖర్చు ఎలా తెలుస్తుంది? రేపు ఇల్లు మారిపోతారు, పగులు మాకు మిగులుతుంది.

పెందుర్తి పెరడు | 10:50
మళ్ళీ పగులు! ఆ పగులుకూ అరటికీ సంబంధం లేదని చెప్తుంటే వినరేం? సరే, కొట్టించారనుకుందాం. దుంప తవ్వి తీయకపోతే నెల తిరక్కుండానే పిలకలు లేస్తాయి. అరటి ఒక బోదెకు ఒక్కసారే గెల వేస్తుంది, ఆ తర్వాత ఎలాగూ చస్తుంది. ఒక తల్లి, దాని పక్కన ఒకటో రెండో పిలకలు ఉంచి మిగిలినవి తీసేస్తే పొద అదుపులో ఉంటుంది, గెల కూడా బరువు తూగుతుంది. తుఫాను అన్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పెరట్లో ఒక్క అరటి నిలబడలేదు. అన్నీ పడుకున్నాయి, గోడ మాత్రం నిలబడింది. మా వీధిలో కార్లు నలిగింది తురాయి చెట్ల కింద. బోదె అంతా నీళ్ళే. గెలతో పడితే బానెట్ సొట్ట పోతుందేమో, కాదనను. బండి రెండడుగులు జరిపి పెట్టుకోవచ్చు కదా.

డాబాగార్డెన్స్ వాసి | 10:58
మరకల గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

మూడో అంతస్తు | 11:02
సెక్రటరీ గారూ, బెదిరింపులు వద్దు. పొద మీకు ఎప్పటి నుంచి కంటగింపు అయిందో అందరికీ తెలుసు. శ్రావణ మాసం దాకా మీకు గోడా కనపడలేదు, దోమా కుట్టలేదు.

సీతమ్మధార సెక్రటరీ | 11:20
సరే, మీరే తెచ్చారు కాబట్టి చెప్తాను. వరలక్ష్మీ వ్రతానికి మండపానికి రెండు పిలకలు, నాలుగు ఆకులు పంపమని మా ఆవిడ కబురు పెడితే వాచ్‌మన్ భార్య డబ్బులడిగింది. ఇంటినిండా చుట్టాలు, వాళ్ళ ముందే! నేల మాది, బోరు నీళ్ళు మావి, మోటారు కరెంటు బిల్లు మాది. మా నేలలో పెరిగిన ఆకును మేమే కొనుక్కోవాలా?

గాజువాక గాలి | 11:22
పగులు ఇక్కడుందన్నమాట.

కొబ్బరినీళ్ళు | 11:23
ఎంతడిగిందేటి?

సీతమ్మధార సెక్రటరీ | 11:25
ఎంత అన్నది కాదు ప్రశ్న.

మధురవాడ ఓనర్ | 11:48
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. సెక్రటరీ గారు గోడ, దోమ అని డొంకతిరుగుడు లేకుండా ఈ మాటే ముందు చెప్పి ఉంటే బాగుండేది. కామన్ ఏరియాలో వచ్చే ఆదాయం ఎవరిదైనా సరే, అసోసియేషన్ లెక్కలోకి రావాలి. మా దగ్గర టెర్రస్ మీద టవర్ అద్దె అలాగే ఫండ్‌లో పడుతుంది. ఈరోజు గెల అమ్ముకుంటే ఊరుకున్నాం, రేపు గేటు పక్కన ఇంకెవరో బడ్డీ పెడతారు. అప్పుడు ఏం చెప్పి ఆపుతారు? మనిషి మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి.

మూడో అంతస్తు | 12:10
న్యాయమే. గెల డబ్బు ఫండ్‌లో వేయండి. అలాగే మెట్లు ఊడ్చి, మోటారు వేసి, కొరియర్లు తీసుకుని పెట్టే ఆమెకు జీతం కూడా అదే ఫండ్ నుంచి ఇవ్వండి. ఇప్పుడు జీతం వాచ్‌మన్ గారొక్కరికే. ఆయన పగలు ఇంకోచోట పనికి పోతే ఇక్కడ పని చేసేది ఆమే, అది ఏ లెక్కలోకీ రాలేదు. వ్రతం ముందు రోజు పూర్ణా మార్కెట్‌లో పిలకల జత రేటు అడిగి రండి, ఆమె అడిగింది ఎక్కువో తక్కువో తెలుస్తుంది. ఎవరింట్లో చెట్టు అని అడుగుతున్నారు. ఎవరి చాకిరీ అని ఎవరూ అడగరు.

సీతమ్మధార సెక్రటరీ | 12:19
ఉండటానికి గది ఇచ్చాం. కరెంటు, నీళ్ళు ఉచితం. అది జీతం కాదా?

మూడో అంతస్తు | 12:24
మెట్ల కింద గది. మీరోసారి ఉండి చూడండి.

అరుణ, ఎంవీపీ కాలనీ | 12:40
ఇద్దరూ కాస్త తగ్గండి. పొద ఉంచండి, దేనికెంతో ఒక కాగితం మీద రాసుకోండి. పండగలకు ఇంటికి రెండాకులు ఉచితం, మిగిలింది ఆమెది. శుభ్రం చేసే బాధ్యత కూడా ఆమెదే అని రాయండి, దానికి కొంత ఇవ్వండి. ట్యాంకు మూత మాత్రం ఈరోజే పెట్టించండి.

సీతమ్మధార సెక్రటరీ | 12:55
ఆకులు దానంగా తీసుకునే గతి మాకు పట్టలేదు. మీటింగ్ ఆదివారం పదింటికి. అజెండాలో రెండో అంశం ఇదే, ఓటు ఓనర్లకే.

మూడో అంతస్తు | 12:57
ఆమెను పిలుస్తున్నారా?

సీతమ్మధార సెక్రటరీ | 1:03
ఆమె ఎందుకు? కుర్చీలు వేయడానికి వాచ్‌మన్ ఉంటాడుగా.

పెందుర్తి పెరడు | 1:15
ఫొటో ఇంకా పెట్టలేదు. తీసేటప్పుడు పగులు పక్కన స్కేలు పెట్టండి, వెడల్పు తెలియాలి.