నీరు తగ్గిందని మూత్రపిండాలకు ఎలా తెలుస్తుంది?

ఉన్నత పాఠశాల పిల్లలకు జీర్ణ, విసర్జక వ్యవస్థల పాఠాలు చెబుతున్నాను. ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సరైన వివరణ కావాలి, తెలిసినవారు దయచేసి చెప్పండి.

తాగిన నీరు జీర్ణాశయం నుంచి నేరుగా మూత్రాశయానికి వెళ్లదని, ఎక్కువ భాగం చిన్నపేగులోనే రక్తంలో కలుస్తుందని పిల్లలకు అర్థమైంది. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, సుమారు ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రంగా పంపిస్తాయి, మిగిలినదంతా తిరిగి రక్తానికే ఇచ్చేస్తాయి. ఎన్నిసార్లు చెప్పినా నాకు ఇది అబ్బురంగానే ఉంటుంది!

అసలు ప్రశ్న ఇది. విరేచనాలు అయినప్పుడు మూత్రం తగ్గి, ముదురు పసుపు రంగుకు మారుతుంది. పేగుల్లో నీరు పోతోందని మూత్రపిండాలకు కబురు ఎలా అందుతుంది? రక్తంలో లవణాల గాఢత పెరిగితే మెదడు పసిగట్టి, పీయూష గ్రంథి నుంచి మూత్రంలో పోయే నీటిని తగ్గించే వాసోప్రెసిన్ హార్మోనును విడుదల చేయిస్తుందని చదివాను. కానీ విరేచనాల్లో నీటితో పాటు లవణాలూ పోతాయి కదా? అలాంటప్పుడు గాఢత పెద్దగా మారకపోయినా లోటు ఎలా బయటపడుతుంది? రక్త పరిమాణం, రక్తపోటు తగ్గడాన్ని కనిపెట్టే ఏర్పాటు వేరే ఉందా? ఉంటే అది శరీరంలో ఎక్కడ ఉంటుంది? మూత్రపిండాలు రక్తంలోకి విడుదల చేసే రెనిన్ అనే ఎంజైము పాత్ర ఇక్కడేనా?

బొమ్మ గీసి చూపించగలిగేంత సులువైన వివరణ అయితే మరీ మేలు.