కారు కుడివైపు కుంగి కనిపిస్తోంది: నాలుగు షాకబ్జార్బర్లూ మార్చాల్సిందేనా?

ప్రశ్న – నల్గొండ నుంచి

అందరికీ నమస్కారం. మా హ్యాచ్‌బ్యాక్ కారు కొని తొమ్మిదేళ్లయింది, ఇప్పటికి లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. దేవరకొండ వైపున్న మా బత్తాయి తోటకు వారానికి మూడు నాలుగు సార్లు వెళ్లివస్తాను. కోత రోజుల్లో వెనక సీట్లు మడిచి కాయల బస్తాలు కూడా వేసుకొస్తాను. నెల రోజుల క్రితం ఇంటి ముందు ఆపిన కారును వెనక నుంచి చూసిన మా నాన్నగారు, బండి కుడివైపుకు ఒరిగినట్టుందని అన్నారు. వంగి చూస్తే ముందు ఎడమ టైరుకూ పైన మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్లు సులువుగా పడుతున్నాయి, కుడివైపున మూడు వేళ్లే బిగుతుగా పడుతున్నాయి.

మా ఊళ్లోని ఒక గ్యారేజీలో చూపిస్తే, బానెట్‌ను రెండు సార్లు నొక్కి వదిలి, నాలుగు షాకబ్జార్బర్లూ మార్చాలని చెప్పారు. స్టీరింగ్ ఏ పక్కకూ లాగడం లేదు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు, బండి నిలిపి స్టీరింగ్ పూర్తిగా తిప్పేటప్పుడు మాత్రం ముందు కుడి చక్రం దగ్గర టక్కుమని చప్పుడు వస్తోంది. అంత ఖర్చుకు ఒప్పుకునే ముందు, లోపం ఏ మూలన ఉందో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే అనుభవమున్నవారు చెప్పాలని కోరుతున్నాను.

జవాబు – జడ్చర్ల నుంచి

ముందుగా వేళ్లతో కొలవడం మానేసి టేపు తీసుకోండి. టైరు అరుగుదల, గాలి తేడా లెక్కలోకి రాకుండా, చక్రం నడిబొడ్డు నుంచి నిటారుగా పైనున్న మడ్‌గార్డు అంచు వరకు మిల్లీమీటర్లలో కొలిచి నాలుగు చోట్లా రాసుకోండి. కారులో మనుషులు, బస్తాలు ఏవీ ఉండకూడదు, నాలుగు టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం నేల. ఇళ్ల ముందు గచ్చు నీళ్లు పారడానికి వాలుగా పోసి ఉంటుంది, పెట్రోలు బంకు నేల కూడా అంతే. మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపు ఒకటి అడిగి తెచ్చుకుని, నాలుగు చక్రాలు నిలిచే చోట్లు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూసుకోండి. నేను ఈ పని చేయకుండా నా బండికి స్ప్రింగులు మార్పించాను, మార్చాక కూడా అదే వాలు కనిపించింది.

జవాబు – మిర్యాలగూడ నుంచి, వర్క్‌షాపు నడుపుతాను

షాకబ్జార్బర్ పని స్ప్రింగు ఊగడాన్ని ఆపడం. బండి బరువును మోసేది స్ప్రింగు. షాకబ్జార్బర్ పూర్తిగా పాడైతే బండి గుంతల్లో పడవలా ఊగుతుంది, టైరు అక్కడక్కడ గుంటలు పడినట్టు అరుగుతుంది, నూనె కారుతుంది, కానీ నిలిచి ఉన్న బండి ఒక పక్కకు ఇరవై మిల్లీమీటర్లు కుంగదు. అందువల్ల ఎత్తులో తేడా కనిపించగానే షాకబ్జార్బర్లు మార్చమనడం సరైన సలహా కాదు.

కుడివైపు మొత్తం కుంగినా లోపం రెండు మూలల్లోనూ ఉండనక్కర్లేదు. ముందు కుడి స్ప్రింగు బలం కోల్పోతే అక్కడ మోయలేని బరువు ముందు ఎడమ, వెనక కుడి చక్రాల మీదికి మళ్లుతుంది. అప్పుడు బాగానే ఉన్న వెనక కుడి స్ప్రింగు కూడా కాస్త అణిగి, అదీ పోయిందేమో అనిపిస్తుంది. దీన్ని విడదీయడానికి వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు భాగాన్ని సరిగ్గా మధ్యలో, కంపెనీ పుస్తకంలో చూపిన చోట ట్రాలీ జాకీతో ఎత్తండి. ముందు భాగం ఒకే బిందువు మీద నిలిచినప్పుడు వెనక రెండు కొలతలూ సమానమైతే లోపం ముందు ఉన్నట్టు. అప్పటికీ తేడా ఉంటే లోపం వెనక ఉంది. జాకీ మీదున్న బండి కిందకు మాత్రం దూరవద్దు.

దింపిన తర్వాత నాలుగు అడుగులు ముందుకూ వెనక్కూ తోసి, రెండు వైపులా ఊపి, అప్పుడే మళ్లీ కొలవండి. జాకీ దింపగానే టైర్లు లోపలికి ముడుచుకుని నిలబడతాయి కాబట్టి బండి ఉన్న ఎత్తు కన్నా పైన కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

మా తోట దగ్గరి కల్లంలో లెవల్ పైపుతో చూసి, రెండు చక్రాల కింద పలుచటి పలకలు పెట్టి మట్టం సరిచేసి కొలిచాను. ముందు ఎడమ 378, ముందు కుడి 355, వెనక ఎడమ 372, వెనక కుడి 364 వచ్చాయి. ముందు భాగాన్ని మధ్యలో ఎత్తితే వెనక కొలతలు 367, 368 అయ్యాయి.

జవాబు – మిర్యాలగూడ నుంచి

అయితే వెనక భాగాన్ని ముట్టుకోవలసిన పని లేదు. స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టార్చి వేసి ముందు స్ప్రింగుల చుట్లను రెండు వైపులా లెక్కపెట్టండి. సాధారణంగా విరిగేది అడుగు చుట్టు. అది కూర్చునే గిన్నెలో మట్టి, నీళ్లు నిలిచి, రంగు రాలి, తుప్పు పట్టిన చోట సన్నటి పగులు మొదలవుతుంది. మీరు చెప్పిన టక్కుమనే చప్పుడు ఆ విరిగిన కొస జారడం వల్ల కావచ్చు. అదే అయితే బండి నడపవద్దు, ఆ కొస టైరును కోసేస్తుంది.

స్ప్రింగులు ముందు రెండూ ఒకేసారి మార్చాలి. అణిచి ఉన్న స్ప్రింగు చేతి నుంచి జారితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి స్ప్రింగును అణిచి పట్టుకునే సరైన కంప్రెసర్ ఉన్న చోటే చేయించండి. బిగించేటప్పుడు స్ప్రింగు కొస గిన్నెలోని మెట్టుకు ఆనేలా చూడమనండి. చక్రాన్ని కింద బండికి కలిపే లోయర్ ఆర్మ్ బోల్టులు విప్పవలసి వస్తే, వాటి చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనిన తర్వాతే జరగాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే ఆ బోల్టు చుట్టూ ఉండే బుష్‌లోని రబ్బరు మెలి తిరిగి, బండిని ఆ పక్క పైకి ఎత్తి పట్టుకుంటుంది, తొందరగా చిరుగుతుంది కూడా. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే అయింది. ఎడమ స్ప్రింగుకు ఐదున్నర చుట్లు ఉంటే కుడిదానికి ఐదే కనిపించాయి. బండిని వేరే గ్యారేజీకి ఎత్తించుకుపోయి విప్పిస్తే, గిన్నెలోని ఎర్రమట్టి కింద విరిగిన ముక్క విడిగా దొరికింది. ఎడమ స్ప్రింగు కొస కంపెనీలో కోసినట్టు నున్నగా ఉంది. దీని కొస ఏటవాలుగా, గరుకుగా ఉంది. విరిగిన ముఖంలో సగం నల్లగా తుప్పు పట్టి, మిగతా సగం వెండిలా మెరుస్తోంది, అంటే పగులు చాలా కాలంగా ఉండి ఈమధ్యే పూర్తిగా తెగినట్టుంది. షాకబ్జార్బర్లలో నూనె కారడం లేదని ఆ మెకానిక్ చూపించారు కాబట్టి వాటిని మార్చలేదు. కొత్త స్ప్రింగుల జత వేసి, వంద కిలోమీటర్లు తిరిగాక అదే కల్లంలో, అవే పలకల మీద కొలిస్తే ముందు ఎడమ 380, కుడి 377, వెనక 369, 367 వచ్చాయి. ఆ మూడు మిల్లీమీటర్ల తేడా గురించి ఆలోచించాలా?

జవాబు – మిర్యాలగూడ నుంచి

అవసరం లేదు. బ్యాటరీ, ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు రెండు పక్కలా సమాన బరువుతో ఉండవు, కొత్త బండిలోనూ ఆ మాత్రం తేడా కనిపిస్తుంది. ఈ నాలుగు అంకెలనూ సర్వీసు పుస్తకంలో రాసి ఉంచండి.