కొత్త నర్సుకి ముందు ఏది రావాలి: సూది పెట్టడమా, పేషెంట్‌ని కనిపెట్టుకుని ఉండటమా?

వార్డు ఇన్‌ఛార్జ్:
మా వార్డుకి కొత్త బ్యాచ్ వస్తోంది, వాళ్ళ మొదటి మూడు నెలల ట్రైనింగ్ ఎలా ఉండాలో రాసివ్వమన్నారు. ఇప్పుడున్న లిస్టులో క్యాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం), క్యాథెటర్ (యూరిన్ గొట్టం), రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం), ఇంజెక్షన్లు, ఈసీజీ, సక్షన్ (గొంతులో కఫం లాగేయడం) ఉన్నాయి. ఒక్కోటీ ఇన్నిసార్లు చేసి సీనియర్ సంతకం పెట్టించుకుంటే పని వచ్చినట్టే లెక్క. దీన్ని తిరగేద్దామని నా ఆలోచన. మొదటి నెలంతా పేషెంట్‌ని గమనించడం, గమనించింది డాక్టర్‌కి అర్థమయ్యేలా చెప్పడం, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ సరిగ్గా ఇవ్వడం. సూదులూ ట్యూబులూ రెండో నెల నుంచి. సీనియర్లలో సగం మంది ఒప్పుకోవట్లేదు, "చెయ్యి తిరగని పిల్లని వార్డులో పెట్టుకుని ఏం చేసుకుంటాం" అంటున్నారు. నేననేది, క్యాన్యులా దొరక్కపోతే పక్క సిస్టర్‌ని పిలుస్తాం, ఆ మనిషికి ఇంకో పోటు పడుతుంది, బాధే కానీ చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. పొద్దున చక్కగా మాట్లాడినాయన సాయంత్రానికి మాట తడబడి మత్తుగా పడుకుంటే, అది ఎవరి కంటా పడకపోతే, ఎవరినైనా పిలవాలన్న సంగతే ఎవరికీ తట్టదు. మొహమాటం లేకుండా చెప్పండి.

ఎమర్జెన్సీ బ్రదర్:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా, ఇది ఆఫీసు గదిలో కూర్చుని రాసే ప్లాన్ మేడమ్. రక్తం పోయి షాక్‌లో వచ్చిన మనిషికి వెయిన్లు అణిగిపోయి ఉంటాయి, రెండు పెద్ద సైజు క్యాన్యులాలు నిమిషాల్లో పడాలి. "పక్క సిస్టర్‌ని పిలుస్తాం" అంటే కుదరదు, పక్క సిస్టర్ ఇంకో బెడ్ దగ్గర అదే పనిలో ఉంటుంది. ఇంకో సంగతి, చెయ్యి వణుకుతున్నవాళ్ళకి కన్ను పనిచేయదు. కొత్తగా వచ్చిన అమ్మాయి క్యాథెటర్ వేస్తుంటే ధ్యాసంతా స్టెరైల్‌గా, అంటే క్రిములు లేకుండా, ఉంచినవేవీ చెయ్యి తగిలి పాడవకూడదన్న దాని మీదే ఉంటుంది, పేషెంట్ మొహం పాలిపోతున్నా చూడదు, చూడలేదు కూడా. పని చేతికి అలవాటైపోయాకే కళ్ళకి తీరిక దొరుకుతుంది. కాబట్టి మీరు చెప్పే గమనింపు కావాలన్నా ముందు చెయ్యే తిరగాలి.

రాత్రి డ్యూటీ:
బ్రదర్ చెప్పింది ఎమర్జెన్సీ వరకూ నిజం, వార్డులో కథ వేరు. ఏ కేస్ షీట్ అయినా తీసి శ్వాస రాసే కాలమ్ చూడండి. 18, 20, 18, 20. జ్వరంతో ఎగశ్వాస తీస్తున్నవాళ్ళకీ 20, హాయిగా నిద్రపోతున్నవాళ్ళకీ 20! బీపీకి మెషిన్ ఉంది, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్‌కి వేలికి పెట్టే క్లిప్ ఉంది, శ్వాస మాత్రం పక్కన నిలబడి నిమిషం పాటు ఛాతీ చూసి లెక్కపెట్టాలి, అందుకే చాలామంది లెక్కపెట్టరు. మనిషి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు ముందు మారేది అదే. వయసులో ఉన్నవాళ్ళకి బీపీ చాలాసేపు నిలబడే ఉంటుంది, అది పడిపోయేసరికి బోలెడు టైమ్ పోయి ఉంటుంది.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు 2012లో, పేషెంట్ దిగజారుతున్నాడా అని అంకెల్లో చూసే న్యూస్ అనే స్కోర్ తెచ్చి 2017లో సవరించారు. అందులో శ్వాస 25 గానీ ఆపైన గానీ ఉంటే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు, ఏ అంశానికైనా ఇచ్చే గరిష్ఠం అదే. మొత్తం 5కి చేరితే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి, 7 అయితే ఎమర్జెన్సీ. 2017లో కొత్తగా చేర్చిన వాటిలో ఒకటి, పేషెంట్‌కి కొత్తగా వచ్చిన అయోమయం. ఇన్‌ఛార్జ్ మేడమ్ చెప్పినాయన పరిస్థితే. దానికీ 3. శ్వాస గడిలో ఊహించి 20 వేస్తే సున్నా వస్తుంది, ఇక మొత్తం స్కోర్‌కి విలువేముంది? నా ఓటు మేడమ్ ప్లాన్‌కే.

ఫైనలియర్:
నేనింకా స్టూడెంట్‌ని, తప్పయితే తిట్టకండి. గమనించడం ఒక ఎత్తు, చెప్పడం ఇంకో ఎత్తు. పోయిన పోస్టింగ్‌లో ఒకాయన తేడాగా ఉన్నారనిపించి రాత్రి ఫోన్ చేస్తే, డ్యూటీ డాక్టర్ "తేడాగా అంటే ఏంటమ్మా, సరిగ్గా చూసి చెయ్" అని పెట్టేశారు. మళ్ళీ చేయాలంటే టెన్షన్. స్టాఫ్ సిస్టర్ వచ్చి తనే చేస్తే సరిపోయింది. ఇది ఎక్కడా క్లాసులో నేర్పలేదు మాకు.

వార్డు ఇన్‌ఛార్జ్:
నిన్నెందుకు తిడతామమ్మా. నేను నెల రోజులు అడుగుతున్నది ఇందుకే. చెప్పడానికి ఒక పద్ధతి ఉంది, ఎస్‌బార్ అంటారు. అమెరికా నేవీ అణు జలాంతర్గాముల్లో వాడిన పద్ధతిని కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల వాళ్ళు తమకి తగ్గట్టు మార్చుకున్నారు, అక్కడి నుంచి అందరూ తీసుకున్నారు. ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. ఆ వరసలో నాలుగు ముక్కలు, అంతే. ఇలా చెప్పి చూడు:

"సార్, సర్జికల్ వార్డు స్టాఫ్ నర్సుని. ఆరో బెడ్ పేషెంట్‌కి శ్వాస 28, పల్స్ 124, గంట నుంచి రెండూ పెరుగుతున్నాయి. పేగు ఆపరేషన్ అయి రెండో రోజు, పొద్దున శ్వాస 16 ఉంది. కడుపు గట్టిగా ఉంది, యూరిన్ తగ్గింది, లోపల ఇన్‌ఫెక్షన్ మొదలైందేమోనని అనుమానంగా ఉంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్, ఈలోపు బ్లడ్ శాంపిల్స్ తీసి ఉంచమంటారా?"

ఇంత చెప్పాక "సరిగ్గా చూసి చెయ్" అని ఎవరూ అనలేరు. ఒకవేళ అన్నా, ఆ పై డాక్టర్‌కి ఫోన్ చెయ్, టైమ్‌తో సహా కేస్ షీట్‌లో రాయి. చాలామంది మూడో ముక్క దగ్గర ఆగిపోతారు, "నాకేమనిపిస్తోంది" అనేది నర్సు చెప్పకూడదన్నట్టు పెంచారు మనల్ని. నాలుగోది, అంటే మీరు రావాలి అని నోరు తెరిచి అడగడం, అసలే చెప్పరు.

అటెండెంట్:
నర్సుని కాదు, మా నాన్నగారితో చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాను, మా వైపు నుంచి ఒక మాట. ఎవరికి చెయ్యి తిరిగిందో, ఎవరికి లేదో మాకు తెలీదు. వచ్చినవాళ్ళు పేరు చెప్పారా, ఇప్పుడు ఇచ్చే ఇంజెక్షన్ ఎందుకో చెప్పారా, డైపర్ మార్చేటప్పుడు కర్టెన్ వేశారా, ఇవే మాకు కనిపించేవి. కర్టెన్ వేయకపోతే నాన్న ఆ రోజంతా మాట్లాడేవారు కాదు. మీ రెండు పక్షాల వాదనలోనూ ఇది లేదు.

ఎమర్జెన్సీ బ్రదర్:
అండీ, కర్టెన్ విషయం వంద శాతం ఒప్పుకుంటా. కానీ "మాట తీరు" అనగానే మేనేజ్‌మెంట్లు దాన్ని నవ్వుతూ ఉండండి ట్రైనింగ్ చేసేస్తాయి, ఫీడ్‌బ్యాక్ ఫారంలో స్టార్లు లెక్కపెడతాయి. పన్నెండు గంటలు నిలబడ్డాక నవ్వు రాదు.

రాత్రి డ్యూటీ:
నవ్వు ఎవరడిగారు బ్రదర్? ఆయన అడిగింది చెప్పి చేయమని. డిశ్చార్జ్ అప్పుడు ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో గబగబా చెప్పి "అర్థమైందా" అంటే అందరూ తలూపుతారు. "ఇంట్లో ఎలా వేస్తారో ఒకసారి నాకు చేసి చూపించండి" అంటేనే ఎక్కడ తప్పు పోతుందో బయటపడుతుంది. దీనికి నవ్వక్కర్లేదు, రెండు నిమిషాలు ఎక్కువ చాలు.

లెక్కల సిస్టర్:
ఇన్సులిన్ మాట వచ్చింది కాబట్టి. మందుల లెక్క మీరెవరూ ఎత్తలేదేంటి? మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే ఇన్సులిన్‌ని మిల్లీలీటరుకి 40 యూనిట్ల లెక్కన గీతలున్న సిరంజిలో 10 గీత దాకా తీస్తే లోపలికి వెళ్ళేది 10 కాదు, 25 యూనిట్లు. చెయ్యి అద్భుతంగా తిరిగినవాళ్ళు కూడా అంతే నైపుణ్యంగా 25 యూనిట్లు వేసేస్తారు! లీటరు సెలైన్ 8 గంటల్లో వెళ్ళాలి, సెట్ మిల్లీలీటరుకి 20 చుక్కలది, నిమిషానికి ఎన్ని? 42. ఇది నోటికి రాకపోతే కాగితం మీద వేసుకోవాలి, కంటి అంచనాతో రోలర్ తిప్పడం నేను ఒప్పుకోను. గాఢమైన పొటాషియం క్లోరైడ్‌ని పలచన చేయకుండా వెయిన్‌లోకి నేరుగా నెట్టకూడదు, గుండె ఆగిపోతుంది, ఇది మొదటి రోజే చెప్పాలి, రెండో నెల దాకా ఆగే విషయం కాదు. నా దృష్టిలో మొదటి నెల మందులదే.

ఇంకోటి, మందులు కలిపేటప్పుడు పలకరించకండి బాబూ. 2010లో ఆస్ట్రేలియాలో రెండు ఆసుపత్రుల్లో నర్సులు మందులివ్వడం దగ్గరుండి చూసి లెక్కగట్టారు, మధ్యలో వచ్చిన ఒక్కో అంతరాయానికీ మందు విషయంలో పొరపాట్లు దాదాపు 12.7 శాతం పెరిగాయి. ట్రాలీ దగ్గరున్న మనిషిని "సిస్టర్, ఆ ఫైల్ ఎక్కడ" అని అడిగేది సగం మన స్టాఫే.

ఇరవై బెడ్లు:
అందరూ పేరాలు పేరాలు రాస్తున్నారు, నాకు రాత్రి ఇరవై మంది పేషెంట్లు, నేనొక్కదాన్ని. ఒక్కొక్కరి ఛాతీ నిమిషం చూస్తే ఇరవై నిమిషాలు, అది నాలుగు గంటలకోసారి, మధ్యలో మందులు, కదల్లేనివాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, అడ్మిషన్లు, ఫైళ్ళు. 18 అని ఎందుకు రాస్తారో ఇప్పుడు అర్థమైందా? 2002లో అమెరికాలో లిండా ఐకెన్ బృందం సర్జరీ పేషెంట్ల రికార్డులు తీసి చూసింది, నర్సుకి ఒక్కో పేషెంట్ అదనంగా పెరిగినప్పుడల్లా 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. మనుషుల్ని పెంచకుండా నైపుణ్యాల లిస్టు మార్చడం అంటే తప్పంతా నర్సు మీదకి తోసేయడమే. కాలిఫోర్నియాలో నర్సుకి ఇంతమందే అని చట్టంలో పెట్టారు, 2004 నుంచి అమలవుతోంది. అది అడగండి ముందు.

వార్డు ఇన్‌ఛార్జ్:
అక్కా, మీతో గొడవ లేదు, మనుషుల కోసం నేనూ లెటర్లు పెడుతూనే ఉన్నాను. కానీ ఇరవై మందిలో ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో తెలియడం కూడా పనితనమే కదా. ఆ కన్ను లేకపోతే బెడ్ నంబర్ల వరసలో వెళ్తారు, దిగజారుతున్న మనిషి పద్దెనిమిదో బెడ్‌లో ఉంటాడు.

ఇరవై బెడ్లు:
అది నాకొచ్చు, రాకపోతే ఈపాటికి ఎంతమంది పోయేవారో. సర్దుకుపోవడాన్ని నైపుణ్యం అని పేరు పెట్టి సర్టిఫికెట్ ఇవ్వొద్దు అంటున్నా, అంతే. రేపు అదే సర్టిఫికెట్ చూపించి ఇరవైని ఇరవై నాలుగు చేస్తారు.

ఎమర్జెన్సీ బ్రదర్:
అక్క మాటకి నా దగ్గర జవాబు లేదు, నిజమే. మేడమ్‌కి ఒక ప్రశ్న. క్యాన్యులా వచ్చిందో లేదో చూసి సంతకం పెట్టొచ్చు. గమనించడం వచ్చిందని ఎలా తేలుస్తారు? మళ్ళీ ఒక రాత పరీక్ష పెట్టి నాలుగు ఆప్షన్లిస్తే వద్దు బాబోయ్.

వార్డు ఇన్‌ఛార్జ్:
పరీక్ష లేదు. కొత్తమ్మాయి డ్యూటీకి రాగానే తన పేషెంట్ల దగ్గరికి వెళ్ళి రావాలి, కేస్ షీట్ ముట్టుకోకుండా. "వీళ్ళలో నీకెవరి గురించి భయంగా ఉంది, ఎందుకు" అని సీనియర్ అడుగుతారు. తర్వాత ఇద్దరూ కలిసి షీట్లు చూస్తారు, శ్వాస లెక్కపెడతారు. భయపడాల్సిన మనిషిని వదిలేసిందా, అక్కర్లేని చోట భయపడిందా తెలిసిపోతుంది. అలా కొన్ని వారాలు సరిగ్గా చెప్తే సంతకం. మీ మాట విని ఒకటి మారుస్తున్నా, సూదులు మొదటి వారం నుంచే సాగుతాయి, కన్ను తయారయ్యేదాకా చేతిని ఆపడం తప్పే. లెక్కల సిస్టర్ చెప్పిన పొటాషియం, ఇన్సులిన్ మొదటి రోజు. కానీ ఈ సంతకం పడకుండా ఎవరినీ ఒంటరిగా రాత్రి డ్యూటీకి వేయను, ఎన్ని క్యాన్యులాలు పెట్టినా సరే.

లెక్కల సిస్టర్:
మొదటి రోజు అన్నారు, నాకు చాలు.

ఎమర్జెన్సీ బ్రదర్:
ఒంటరిగా వేయను అన్నది నచ్చింది. మరి ఆ సీనియర్ కొత్తమ్మాయితో తిరుగుతున్న గంటలో సీనియర్ పేషెంట్లని ఎవరు చూస్తారు? ఆ రోజు ఆవిడకి బెడ్లు తగ్గిస్తారా?

వార్డు ఇన్‌ఛార్జ్:
అదే సూపరింటెండెంట్ మేడమ్‌కి రాసిపెట్టాను, శిక్షణ ఇచ్చే సీనియర్‌కి ఆ షిఫ్టులో రెండు బెడ్లు తగ్గించాలని. ఇంకా సంతకం పెట్టలేదు.

ఇరవై బెడ్లు:
పెడితే ఇక్కడ చెప్పండి, మా వార్డులో కూడా అదే కాగితం పెట్టుకుంటాం.